కుర్రాణ్ణి చూసే కన్ను ఎక్కడుంది?

గుండుగొలను చుట్టుపక్కల భూమికి రెండే పనులు. మాగాణి అయితే వరి, కొల్లేటి వైపు దిగితే చేపల చెరువు. ఈ రెంటికీ పనికిరాని ఖాళీ జాగా అంటూ పెద్దగా మిగలదు. క్రికెట్‌కు మాత్రం, బౌండరీ ఎంత దగ్గరకు లాగినా, మూడెకరాల చదును నేల కావాలి. దాని మధ్యలో ఇరవై రెండు గజాల పిచ్‌ను ఏడాది పొడుగునా తడపాలి, ఆరబెట్టాలి, రోలర్ తిప్పాలి. కౌలు లెక్క తెలిసిన రైతు ఎవడూ ఈ సరదాకు మూడెకరాలు వదలడు. అందుకని ఇక్కడి కుర్రాళ్ళు హైస్కూలు ఆవరణలోనో, సార్వా కోతలయ్యి దాళ్వా నాట్లు పడేలోపు దొరికే ఆ కాస్త ఎడంలో వరిమోళ్ళు తొక్కిన చేలోనో ఆడతారు. ఆడేది టెన్నిస్ బంతితో. తోలు బంతి ఖరీదు ఒక్కటే కాదు కారణం. మోళ్ళ మీద అది ఎటు లేస్తుందో ఆ దేవుడికి కూడా తెలియదు.

అటువంటి చేలో బంతి విసిరే చెయ్యి ఐపీఎల్ వేలం జాబితాలోకి ఎక్కాలంటే మధ్యలో ఎవరో ఒకరు దాన్ని చూడాలి. ఆ చూసేవాడెవరు, ఎక్కడ నిలబడి చూశాడు అన్నదాన్ని బట్టే మన క్రికెట్‌లో ఎవరు తేలారు, ఎవరు మునిగారు అన్నది నడిచింది. ఆడినవాళ్ళ చరిత్రలు బోలెడు వచ్చాయి. చూసినవాళ్ళ చరిత్ర ఎవరూ అంతగా రాయలేదు.

మొదట చూసింది రాజులు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో, నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడిని 1923లో ఇండోర్‌కు పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చింది హోల్కర్ మహారాజు. ఆటగాడిని వెదికి పట్టడం, పోషించడం, తన జట్టుకు కట్టేసుకోవడం అన్నీ ఒకే చేతి మీద జరిగాయి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో గిల్లిగన్ తెచ్చిన ఎంసీసీ జట్టు మీద నాయుడు 11 సిక్సర్లతో 153 కొట్టాకగానీ దేశం మొత్తం ఆయన వైపు తిరగలేదు. హోల్కర్ కన్ను అంతకు మూడేళ్ళ ముందే పసిగట్టింది. హైదరాబాద్‌లో మొయిన్ ఉద్దౌలా గోల్డ్ కప్ 1930-31లో మొదలైందంటే అదీ సంస్థానపు ముచ్చటే. రాజుగారి కన్నుకు ఇంకో వైపూ ఉంది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ తన సొంత జట్టులోకి హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించగలిగాడు. 1936లో భారత జట్టుకు తనే కెప్టెన్ కూడా కాగలిగాడు. ఆ రెండో పని ఆటలో పస చూసి జరిగింది కాదని అందరికీ తెలుసు.

రాజ్యాలు పోయాక ఆ కన్ను ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు వచ్చింది. 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడి, ఆ ఏడే రంజీలో దిగింది. తొలి కెప్టెన్ ఎవరో కాదు, 58 ఏళ్ళ వయసులో సి.కె. నాయుడే. పేరు గొప్పే గానీ, జీతం రాని ఆట ఎంతకాలం ఆడతారు? హైదరాబాద్ లీగులో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంక్ వంటి జట్లు ఉండేవి. కుర్రాడు లీగులో రెండు సీజన్లు పరుగులు చేస్తే బ్యాంకు పిలిచి కౌంటర్ వెనక కూర్చోబెట్టేది. స్పోర్ట్స్ కోటా అనే మాట మన ఇళ్ళల్లో బాగా నలిగింది ఆ రోజుల్లోనే. ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే కుర్రాడికి పింఛను దాకా భరోసా. ఇబ్బంది ఏమిటంటే బ్యాంకు వాళ్ళు చూసేది లీగు జరిగే ఊళ్ళోనే. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్నవాడు వాళ్ళ కంట పడాలంటే ముందు హైదరాబాద్ బండి ఎక్కాలి.

ఇదే సమస్యను కెనడా వాళ్ళు ఐస్ హాకీలో ఇంకోలా ఎదుర్కొన్నారు. అక్కడ క్లబ్బులు పిల్లల జట్లను పోషించి, పద్నాలుగేళ్ళ వాడితో కూడా కాగితం మీద సంతకం పెట్టించుకునేవి. 1961లో బోస్టన్ బ్రూయిన్స్ మనుషులు గనానోక్వే అనే ఊళ్ళో ఇద్దరు వేరే కుర్రాళ్ళను చూడ్డానికి వెళ్ళి, ఎదుటి జట్టులో ఉన్న పన్నెండేళ్ళ బాబీ ఓర్‌ను చూసి కళ్ళు తిప్పుకోలేకపోయారు. మరుసటి ఏడాది ఆ పిల్లాడు బోస్టన్‌కు కట్టుబడ్డాడు. డబ్బున్న క్లబ్బు మొత్తం ఊళ్ళనే కొనేస్తోందన్న గొడవలోంచి 1963లో డ్రాఫ్ట్ పుట్టింది. అందులో జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, కుర్రాడికి ధర ఉండదు, వరస మాత్రమే ఉంటుంది. 1975 నుంచి ఆ క్లబ్బులు ఆడే హాకీ లీగు తనే ఒక పరిశీలన కార్యాలయం పెట్టి, ఎవరు ఎక్కడ ఆడుతున్నారో ర్యాంకులు కట్టి జట్లన్నింటికీ ఒకేలా అందించింది.

మన దగ్గర అటువంటి ఆలోచన 2002లో వచ్చింది. క్రికెట్ బోర్డు దిలీప్ వెంగ్‌సర్కార్ నాయకత్వంలో ప్రతిభ వెదికే అధికారులను నియమించి, చిన్న ఊళ్ళ మ్యాచ్‌లకు పంపింది. వాళ్ళలో ప్రకాశ్ పొద్దార్ అనే మాజీ బెంగాల్ బ్యాటర్ జంషెడ్‌పూర్‌లో ధోనీ కొట్టుడు చూసి నివేదిక రాశాడు. ధోనీకి అప్పటికే ఆ పథకం పెట్టిన వయసు దాటిపోయింది. అయినా రాశాడు. చూసేవాడికి అంతపాటి స్వతంత్రం ఇవ్వకపోతే ఈ పని జరగదు. ఆ పథకాన్ని బోర్డు ఎక్కువ కాలం మొయ్యలేదు. మన క్రికెట్‌లో తలపెట్టిన మంచి పనుల్లో దాన్ని మధ్యలో వదిలెయ్యడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

2008లో ఐపీఎల్ వచ్చి వేలంపాట మొదలుపెట్టింది. ఆ తొలి ఏడాదే డ్రాఫ్ట్ కూడా ఒకటి జరిగిందని చాలామంది మరిచిపోయారు. ఆ మార్చిలో కౌలాలంపూర్‌లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచి వచ్చిన కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా పంచుకున్నాయి. ఆంధ్రకు ఆడే దువ్వారపు శివకుమార్ కూడా ఆ ప్రపంచ కప్ జట్టులో ఉన్నాడు. ఢిల్లీ తన ఊరి పిల్లాడు విరాట్ కోహ్లీని వదిలి ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకుంది. తమకు బ్యాటర్లు చాలినంత మంది ఉన్నారన్నది వాళ్ళ లెక్క. కోహ్లీ బెంగళూరు వెళ్ళాడు. ప్రతిభను గుర్తించలేక కాదు, అవసరం లెక్క వేసుకుని వదులుకున్నారు. చూపు ఒకటి, లెక్క ఒకటి.

ఆ మొదటి ఏడాది ఇంకో నిబంధన ఉండేది. ప్రతి జట్టూ తన ప్రాంతపు ఆటగాళ్ళను కనీసం నలుగురిని, 22 ఏళ్ళ లోపు వాళ్ళను నలుగురిని పెట్టుకోవాలి. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ ఆ లెక్కన ఇక్కడి మైదానాల వైపు చూడక తప్పలేదు. తర్వాత సొంత ప్రాంతం షరతు ఎత్తేశారు. దాని ఫలితం 2021లో బాగా తెలిసొచ్చింది. సన్‌రైజర్స్ హైదరాబాద్‌లో హైదరాబాద్ వాడు ఒక్కడూ లేడని ఎమ్మెల్యే దానం నాగేందర్ బహిరంగంగానే మండిపడ్డారు. అప్పటికి సిరాజ్ బెంగళూరులో ఆడుతున్నాడు. మరుసటి ఏడాది తిలక్ వర్మను 1.70 కోట్లకు ముంబై ఎత్తుకుపోయింది. నాయకుల ఆవేశం సంగతి అలా ఉంచి చెబుతున్నాను, ఆ పాత షరతు స్థానికుల మీద దయతో పెట్టింది అనుకోకూడదు. అది జట్టు వెదుకులాటగాడి కాలును బలవంతంగా జిల్లాల్లో పెట్టించేది.

2013 దాకా నడిచింది మసక వ్యవహారం. భారత జట్టుకు ఇంకా ఆడని కుర్రాళ్ళను వేలంలో పెట్టకుండా, అనుభవాన్ని బట్టి 10 నుంచి 30 లక్షల స్లాబులు కట్టి, జట్లనే నేరుగా మాట్లాడుకోమన్నారు. ధర పెంచకూడదు, ఆటగాడు మాత్రం కావాలి! ఇక తెర వెనక ఏం జరగదు? వేరే జట్టుతో బేరం ఆడినందుకు 2010లో రవీంద్ర జడేజాను ఏడాది పాటు, 2011లో మనీష్ పాండేను నాలుగు మ్యాచ్‌ల పాటు నిషేధించారు. 2014 నుంచి వీళ్ళూ వేలంలోకి వచ్చారు. అప్పట్నించి వెదికేవాళ్ళకు నిజమైన విలువ ఏర్పడింది. 2013లో ముష్తాక్ అలీ టోర్నీలో బుమ్రాను జాన్ రైట్ చూసి ముంబైకి తెచ్చాక, ప్రతి జట్టూ అటువంటి కన్ను ఒకటి జీతానికి పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అయితే ఈ జీతపు కన్ను ఎంత వాడిదైనా, రాష్ట్ర జట్టు దాకా వచ్చినవాణ్ణే చూస్తుంది. రాష్ట్ర జట్టు దాకా తెచ్చేది జిల్లా సెలక్షన్. ఆ రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. పొద్దున ఆరింటికే గేటు దగ్గర కిట్ బ్యాగులు, వాటి పక్కన తండ్రులు. వరసలో వంద మంది, నెట్స్ రెండో మూడో. బ్యాటర్‌కు దక్కేది పదో పన్నెండో బంతులు. అందులో రెండు వైడ్‌గా పోతే నాన్న ముఖం చూడాలి. సెలక్టర్ కుర్చీలో కూర్చుని నంబరు పక్కన టిక్ పెడతాడు, లేదా పెట్టడు. అండర్-16 వాడైతే ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకను బట్టి వయసు లెక్క కడతారు. పదమూడు ఉమ్మడి జిల్లాల నుంచి ఇలా వడగట్టినవాళ్ళు అంతర్ జిల్లా పోటీల్లో తేలి, ఉత్తర, మధ్య, దక్షిణ మండలాల జట్లు దాటి పైకి రావాలి. గుండుగొలను ఉన్న ఉమ్మడి పశ్చిమగోదావరి మధ్య మండలంలోకి వస్తుంది.

ఈ జల్లెడ బాగా పనిచేసిన సందర్భం చెప్పాలంటే నితీశ్ కుమార్ రెడ్డి. విశాఖ కుర్రాడు. హిందుస్థాన్ జింక్‌లో పనిచేసే తండ్రి ముత్యాల రెడ్డి, ఉదయ్‌పూర్ వెళ్ళాల్సి వస్తే కొడుకు ఆట చెడిపోతుందని ఉద్యోగమే మానేశాడు. నితీశ్ చిన్న వయసు పోటీల్లో భారత మాజీ వికెట్‌కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ కంట పడ్డాడు. కడపలోని ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీకి చేరాడు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. అంత చేసినా 2022 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ ఆయనకు పెట్టింది కనీస ధర 20 లక్షలే. రెండేళ్ళలో అది 6 కోట్లయింది, మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కూడా వచ్చింది. వేలం పాడేవాళ్ళకు ఆలస్యంగా కనిపించినవాడు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఒకరికి కనిపించాడు.

గుంటూరు షేక్ రషీద్‌ది ఇంకో తమాషా. 2022 అండర్-19 ప్రపంచ కప్‌లో వైస్ కెప్టెన్‌గా సెమీఫైనల్లో 94, ఫైనల్లో 50 కొట్టాడు. ప్రపంచమంతా టీవీలో చూసింది. అదే నెలలో జరిగిన వేలంలో మాత్రం కూర్చోనివ్వలేదు. పందొమ్మిదేళ్ళు నిండకపోతే కనీసం ఒక ఫస్ట్ క్లాస్ లేదా లిస్ట్-ఎ మ్యాచ్ ఆడి ఉండాలన్న నిబంధన అడ్డొచ్చింది. ఏడాది చివర్లో చెన్నై 20 లక్షలకు తీసుకుంది.

2022లోనే ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మొదలైంది. వెదికేవాళ్ళకు ఒకే చోట కూర్చుని రాష్ట్రమంతా చూసే వీలు కలిగింది. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన పెద్ద వేలానికి 1,574 మంది పేరు ఇచ్చుకున్నారు, ఖాళీలు 204. అందులో కాకినాడ వైపు పేసర్ సత్యనారాయణ రాజు ముంబైకి, త్రిపురాన విజయ్ ఢిల్లీకి, పైల అవినాశ్ పంజాబ్‌కు, ముగ్గురూ 30 లక్షల చొప్పున వెళ్ళారు. అమ్మాయిల్లో కడప జిల్లా శ్రీచరణిని ఆ డిసెంబరులో జరిగిన మహిళల లీగు వేలంలో ఢిల్లీ 55 లక్షలకు తీసుకుంది. మరుసటి ఏడాది ఆ పిల్ల ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. 2025 ఏపీఎల్‌లో మన వైపు పేరుతో భీమవరం బుల్స్ అనే జట్టు వచ్చింది, కెప్టెన్ నితీశే. మ్యాచ్‌లు మాత్రం విశాఖలో జరిగాయి.

ఈ పేర్ల ఊళ్ళు పటంలో గుర్తు పెడితే విశాఖ, కడప, గుంటూరు, కాకినాడ, ఉత్తరాంధ్ర చుట్టూ చేరతాయి. కొల్లేటి అంచు ఖాళీగా కనిపిస్తుంది. ఇక్కడి వాళ్ళకు చెయ్యి రాదనుకోవడం తెలివితక్కువ. అకాడమీ, టర్ఫ్ వికెట్ ఉన్నచోటే అందరి కళ్ళూ ఉన్నాయి. అవి లేనిచోట పెరిగే బ్యాటర్‌కు టెన్నిస్ బంతి అలవాటు శాపం. బంతి లేచే ఎత్తు, బ్యాట్ తిరిగే వేగం, ముందుకు పడే కాలు అన్నీ వేరు. జిల్లా సెలక్షన్‌లో పదో బంతికే ఆ తేడా బయటపడిపోతుంది. బౌలర్ సంగతి అలా కాదు. సిరాజ్ హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో పెరిగి, 2017లో 2.6 కోట్లకు వెళ్ళాడు. సేలం జిల్లా పల్లెలో అలాగే పెరిగిన నటరాజన్, తమిళనాడు లీగులో యార్కర్లతో కనిపించి అదే వేలంలో 3 కోట్లు పలికాడు. తేలికైన బంతిని వేగంగా పంపాలంటే భుజం మొత్తం వాడాలి. ఆ భుజం తోలు బంతికీ పనికొస్తుంది, ఆరు బంతులు చాలు చూడ్డానికి. కాబట్టి గుండుగొలను, దాని చుట్టుపక్కల పూళ్ళ, కైకరం వంటి ఊళ్ళ మోళ్ళలోంచి వేలం జాబితాలోకి ముందుగా ఎవరన్నా వస్తే, వచ్చేది బ్యాటర్ కాదు, ఫాస్ట్ బౌలరే అని నా అంచనా.