తిలంగాలు

తిలంగాలు 18వ శతాబ్దంలో ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీల కొలువులో చేరి, ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన భారతీయ కాల్బల సిపాయిలు. తెలుగు నేల మీదుగా, దక్షిణాది నుంచి వచ్చిన పటాలాల వల్ల ఉత్తరాదిలో వారికి ఈ పేరు స్థిరపడింది. చారిత్రక సాహస కథల్లో తరచుగా కనిపించినా కథానాయకులయ్యింది అరుదు.

చరిత్ర

1746లో అడయారు దగ్గర ఫ్రెంచివారి చిన్న దళం ఆర్కాటు నవాబు పెద్ద సేనను ఓడించింది. కవాతు నేర్చిన కాల్బలానికి అప్పటి నుంచి గిరాకీ పెరిగింది. 1753లో కోస్తా తెలుగు ప్రాంతమైన ఉత్తర సర్కార్లు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికి వచ్చాయి. ఆ శిస్తుతోనే అతడు సైన్యాన్ని పోషించాడు. 1757 జనవరి 24న అతని సేన బొబ్బిలి కోటను ముట్టడించింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి, ఇంగ్లీషు వారి మధ్య జరిగిన చందుర్తి యుద్ధంలో ఇరుపక్షాలా సిపాయిలదే పెద్ద సంఖ్య. అక్కడ గెలిచిన ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. గుంటూరు సర్కారులో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఫ్రెంచి దళాన్ని ఉంచుకున్నాడు. ఆ సర్కారు 1788లో ఇంగ్లీషు కంపెనీ వశమైంది.

1756లో ఇంగ్లీషు కంపెనీ సేనాని క్లైవు సుమారు 900 మంది ఐరోపావారితో, 1500 మంది సిపాయిలతో మద్రాసు నుంచి బెంగాలుకు బయల్దేరాడు. మరుసటి ఏడు ప్లాసీలో గెలిచాడు. ఆ తరవాత కంపెనీ సిపాయి ఏ ఊరివాడైనా జనం నోట తిలంగాయే. 1857లో ఢిల్లీ చేరిన అవధ్, బిహార్ తిరుగుబాటు సిపాయిలను కూడా అలాగే పిలిచారు.

కొలువులో ఉన్నంతమాత్రాన వీరు అన్నిటికీ తలవంచలేదు. ఓడ ఎక్కి మద్రాసు వెళ్లాలన్న ఆజ్ఞను ధిక్కరించి, 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలు తిరగబడ్డారు.

కథల్లో

జి.ఎ. హెంటీ 1884 నాటి నవల ‘విత్ క్లైవ్ ఇన్ ఇండియా’లో ఒక అధ్యాయం పేరే మచిలీపట్నం. అయినా నాయకుడు కంపెనీ గుమాస్తాగా వచ్చిన ఆంగ్ల యువకుడు. బెర్నార్డ్ కార్న్‌వెల్ ‘షార్ప్స్ ట్రయంఫ్’ 1803 నాటి అస్సాయి యుద్ధ కథ. అందులో మద్రాసు పటాలాలు పోరాడతాయి, కథ మాత్రం ఆంగ్ల సార్జెంటు షార్ప్‌ది. విశ్వాస్ పాటిల్ మరాఠీ నవల ‘పానిపత్’ (1988) భిన్నమైనది. బుస్సీ వద్ద తర్ఫీదు పొంది పీష్వా కొలువుకు చేరిన ఇబ్రహీంఖాన్ గార్దీకి అందులో ముఖ్య స్థానం దక్కింది. తెలుగులో బొబ్బిలి కథ బుర్రకథగా, నాటకంగా, 1964లో చలనచిత్రంగా వచ్చింది. బొబ్బిలి రాజు రంగారావు, సేనాని తాండ్ర పాపారాయుడు అందులో చిరస్మరణీయులయ్యారు. బుస్సీ సిపాయిలు మాత్రం శత్రుమూకగానే మిగిలారు.

అంచనా

నవలాకారులకు ఆధారమైన గ్రంథాలు ఎక్కువగా కంపెనీ మనుషులు రాసినవి. వాటిలో దొరలకు పేర్లుంటాయి, సిపాయిలకు లెక్కలుంటాయి. కథల్లోని లోటుకు మూలం అదే. జీతం కోసం తుపాకీ పట్టి, ఓర్పు నశించినప్పుడు దాన్ని యజమాని మీదికే తిప్పిన ఈ సిపాయి, తెలుగు చారిత్రక నవలకు అన్నివిధాలా తగిన కథానాయకుడు.