కల్పితాకాశము



పూర్వము మన జ్యోతిష్కులు గ్రహణకాలమును ముందుగా గణించి, పిదప ఆకాశమును జూచి, గణితము దృక్కుతో సరిపడినదా యని పరీక్షించెడివారు. నేఁటి ఖగోళశాస్త్రజ్ఞులు దీనికి ముందొక మెట్టు చేర్చిరి. వారు గణనయంత్రములో నొక కల్పితాకాశమును నిర్మించి, తమ చూపునే ముందు పరీక్షించుకొనుచున్నారు. అట్లేల చేయవలసి వచ్చెనో మనవి చేసెదను.

1965వ సంవత్సరమున అమెరికాలో పెంజియాస్, విల్సన్ అను నిరువురు, తమ ఏంటెన్నాను ఏ దిక్కునకు త్రిప్పినను తగ్గని సన్నని రొద యొకటి యున్నదని ప్రకటించిరి. అందు గూడు కట్టిన పావురములను వెడలఁగొట్టి, రెట్టలను శుభ్రపఱచినను అది పోలేదు. విశ్వము పుట్టిన సుమారు 3,80,000 ఏండ్లకు బయలుదేఱి, 1380 కోట్ల ఏండ్లుగా చల్లాఱుచు వచ్చిన ఆదికాలపు వెలుఁగే అది. నేఁడు దాని వేఁడిమి పరమశూన్యమునకు పైని 2.7 డిగ్రీలు మాత్రమే.

పరమాణువులు తొలిసారి కూడిననాఁటి గుర్తులు ఆ వెలుఁగులో సన్నని యలలుగా నిలిచియుండవలెనని సిద్ధాంతము. ఒక డిగ్రీని నూఱుకోట్ల భాగములు చేసినచో ఆ యల యెత్తు సుమారు ఎనిమిది భాగములు. ఆకాశపు వెలుఁగు దానికి నూఱుకోట్ల రెట్లు. ఇరువది టన్నుల వడ్లరాశిలో నొక్క గింజను వెదకుట యన్నమాట!

2015లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థకుఁ జెందిన మయూరి సత్యనారాయణరావు ప్రభృతులు ఈ గింజ దొరకునా యని లెక్క కట్టిరి. కల్పిత దత్తాంశములో ఆ యలను దాఁచి, తమ పద్ధతితో దానిని వెలికిఁ దీసి చూచిరి. 128 గ్రాహకములతో 255 దినములు విన్నచో నూటికి తొంబది పాళ్ల నమ్మకముతో పట్టవచ్చునని తేల్చిరి. ఇదంతయు ఆ గ్రాహకసముదాయమును గట్టకమునుపే!

నేను జలంత్రకోట ప్రాంతమున బడిపంతులుగా నున్నప్పుడు, తప్పులుంచిన పుట నొకటియు, తప్పులేని పుట నొకటియు పిల్లల కిచ్చెడివాఁడను. మొదటిదానిలో తప్పు పట్టలేనివానికి చూపు చాలదు. రెండవదానిలో తప్పు పట్టినవాఁడు లేనిదానిని చూచువాఁడు. వానితోనే యెక్కువ ప్రమాదము.

ఐనను కల్పితాకాశమున మన మెఱిఁగినదే యుండును. 2014లో దక్షిణధ్రువమునుండి బైసెప్ 2 బృందము విశ్వజన్మచిహ్నము దొరకెనని చాటినది. మఱుసటి యేఁట ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతోఁ గలిపి చూడఁగా, అందధికభాగము మన పాలపుంతలోని ధూళివలననే యని తేలినది. ధూళిని గూర్చిన యంచనా చాలలేదు.

రామన్ సంస్థవారే ‘సారస్ 2’ అను మఱియొక పరికరమును అనంతపురము సీమలో చెన్నేకొత్తపల్లి చేరువనున్న టింబక్టునకుఁ గొనిపోయి, తొలి నక్షత్రముల కాలపు హైడ్రోజను జాడకై రాత్రులు విన్నారు. నా మాటను మీ చెవిఁ జేర్చు రేడియో తరంగములే అట్టివారికి అడ్డము. అందుకే యట్టి నిశ్శబ్దస్థలము. 2017లో వారు ఫలితము ప్రకటించిరి. జాడ దొరకలేదు, కొన్ని సిద్ధాంతములు నిలువవని మాత్రము చెప్పిరి. లేనిదానిని లేదనఁగల యీ ధైర్యమే విద్యకు ఫలమని నా తలంపు.