కాన్సస్ నుండి పొలాస దాకా: ఒక విశ్వవిద్యాలయ భాగస్వామ్యం, దాని అవశేషాలు

గంభీరావుపేట మండలం నర్మాల వద్ద నిజాం పాలన చివరి దశలో నిర్మించిన ఎగువ మానేరు జలాశయం కింద ప్రధాన పంట వరి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఈ పొలాలకు అనువైన వంగడాలను అందించే బాధ్యత జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానిది. ఆ స్థానం ఒక విశ్వవిద్యాలయంలో భాగంగా ఏర్పడింది. పరిశోధన క్షేత్రం ప్రభుత్వ శాఖ కింద కాక విశ్వవిద్యాలయం కింద ఉండాలన్న భావన తెలుగునాట స్థిరపడిన తీరును పరిశీలిస్తే, అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి హైదరాబాదుతో 1956 నుండి 1972 వరకు కొనసాగిన ఒప్పందం ఎదురవుతుంది. ఇటువంటి భాగస్వామ్యాలను వచ్చిన ఆచార్యులు, వెళ్ళిన విద్యార్థులు, అందిన పరికరాల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఆ కొలత ఇక్కడ చాలదు.

1952 నాటి భారత–అమెరికా సాంకేతిక సహకార ఒప్పందం తరువాత అయిదు అమెరికన్ విద్యాసంస్థలు భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల వ్యవసాయ విద్యతో జతకట్టాయి. ఇల్లినాయ్, ఒహాయో స్టేట్, మిస్సోరి, టెనెస్సీలతో పాటు అయిదవది కాన్సస్ స్టేట్. దానికి ఉస్మానియా విశ్వవిద్యాలయంతో పొత్తు కుదిరింది. 1956లో కాన్సస్ సంస్థ ఇంకా కళాశాలగానే వ్యవహరింపబడుతోంది. విశ్వవిద్యాలయం అన్న పేరు దానికి 1959లో వచ్చింది. ఇటువైపు హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది. ఇరుపక్షాలూ రూపాంతరం చెందుతున్న సమయంలో కుదిరిన పొత్తు ఇది.

నాడు ఇక్కడి వ్యవసాయ విద్య మూడు విశ్వవిద్యాలయాల మధ్య చీలి ఉంది. 1945లో స్థాపితమైన బాపట్ల కళాశాల ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, హైదరాబాదులోని వ్యవసాయ, పశువైద్య కళాశాలలు ఉస్మానియాకు, తిరుపతి కళాశాలలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. పరిశోధన క్షేత్రాలు వ్యవసాయ శాఖవి. రైతు వద్దకు వెళ్ళే పని శాఖాధికారులది, గ్రామసేవకులది. పాఠం చెప్పేవారికి పరిశోధన క్షేత్రంతో, పరిశోధించేవారికి తరగతిగదితో సంబంధం అంతంతమాత్రం.

కాన్సస్ బృందం తెచ్చిన నమూనా దీనికి భిన్నమైనది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం బోధనకు, 1887 నాటి హ్యాచ్ చట్టం పరిశోధన క్షేత్రాలకు, 1914 నాటి స్మిత్–లీవర్ చట్టం విస్తరణకు పునాది వేశాయి. అక్కడ ఆ మూడూ ఒకే సంస్థలోకి చేరడానికి 52 సంవత్సరాలు పట్టింది. ఇక్కడ 1963 నాటి ఒకే ఒక శాసనంతో ఆ పని జరిగింది. దాని ప్రకారం 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని ప్రారంభించారు. ఈ ఘనత మొత్తం కాన్సస్‌కే కట్టబెట్టడం చరిత్ర కాదు. గ్రామీణ విశ్వవిద్యాలయాల ఆవశ్యకతను రాధాకృష్ణన్ కమిషన్ 1949లోనే సూచించింది. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం 1960లోనే వెలసింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు అమెరికా విదేశాంగ ప్రయోజనాలు ఈ సహకారం వెనుక ఉన్నాయన్నదీ మరువరానిది. అయినా ఆ నమూనాను దైనందిన ఆచరణలో చూపిన సహచరులు ఇక్కడి అధ్యాపకులకు కాన్సస్ నుండి లభించారు.

నమూనాలోని మూడవ అంగం మాత్రం పూర్తిగా నాటుకోలేదు. విస్తరణ ప్రధానంగా రాష్ట్ర వ్యవసాయ శాఖ చేతిలోనే ఉండిపోయింది. సొంత భూమి ఉండి, కరపత్రం చదివి నిర్ణయం తీసుకోగల రైతును ఊహించుకున్న వ్యవస్థ అది. దొరలు, దేశ్‌ముఖుల పెత్తనం నుండి అప్పుడప్పుడే బయటపడుతున్న కరీంనగర్ పల్లెలకు ఆ ఊహ సరిపడలేదు.

పంట విషయంలోనూ పొంతన పాక్షికమే. కాన్సస్ గోధుమ, జొన్నల సీమ. వరి దానికి పరాయి పంట. వరికి సంబంధించిన ఇచ్చిపుచ్చుకోలు ఆసియాలోనే, మరో మార్గంలో సాగింది. ఆహార వ్యవసాయ సంస్థ చేపట్టిన ఇండికా–జపానికా సంకరణ కార్యక్రమం కింద కటక్‌లో తైచుంగ్ 65ను మలయా వంగడంతో సంకరపరచారు. జపాన్ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో మలయాలో జరిగిన ఎంపికల ఫలితంగా దాని నుండి మసూరి రూపొందింది. ఆ మసూరి రక్తం గల సాంబ మసూరిని, అంటే బీపీటీ 5204ను, బాపట్ల 1986లో విడుదల చేసింది. సన్నని గింజ, మంచి రుచి దాని బలం; ఉల్లికోడుకు లొంగిపోవడం దాని బలహీనత. ఉత్తర తెలంగాణలో ఉల్లికోడు బెడద ఎక్కువ.

1979లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టు రాష్ట్రాన్ని మండలాలుగా విభజించగా, ఉత్తర తెలంగాణ మండలానికి పొలాస కేంద్రమైంది. అప్పటికి కాన్సస్ ఒప్పందం ముగిసి ఏళ్ళు గడిచాయి. పొలాస శాస్త్రజ్ఞులు సాంబ మసూరిని వరంగల్ స్థానం రూపొందించిన, ఉల్లికోడును తట్టుకునే కావ్యతో సంకరపరచి జేజీఎల్ 1798ని సాధించారు. జగిత్యాల సన్నాలుగా ప్రసిద్ధమైనది అదే. విత్తనం సంస్థల సరిహద్దులు దాటగలదు కనుక, ఒకే విశ్వవిద్యాలయం లేకుంటే ఈ సంకరణ అసాధ్యమని చెప్పలేము. కాని మదరాసు రాష్ట్ర పరంపరకు చెందిన బాపట్ల, హైదరాబాదు రాష్ట్రానికి చెందిన వరంగల్, జగిత్యాల ఒకే పరిశోధన యంత్రాంగంలో భాగాలు కావడం 1964 నాటి నిర్మాణ ఫలితమే. కాన్సస్ భాగస్వామ్యపు జాడ వెతకవలసింది గింజలో కాదు, ఆ గింజను పుట్టించిన ఏర్పాటులో.

ఆ ఏర్పాటు రాష్ట్ర విభజనతో రెండైంది. 2014 సెప్టెంబరు 3న తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ పేరిట వేరే వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. పొలాస, వరంగల్ దాని కిందికి చేరగా, బాపట్ల ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయంలో మిగిలింది. జగిత్యాల వరి–1గా పేరొందిన జేజీఎల్ 24423 జన్యు మూలాలు మారుటేరు, నెల్లూరు వంగడాలలో ఉన్నాయి. ఆ రెండు స్థానాలూ నేడు పొరుగు రాష్ట్ర విశ్వవిద్యాలయానివి.