పట్నం పోదాం పద

ఒంగోలువాళ్లకు ఆదివారం కాస్త తీరిక చిక్కితే కొత్తపట్నం పోతారు. కార్తీకమాసంలోనైతే ఇక చెప్పనక్కర్లేదు, తెల్లారకముందే సముద్రస్నానాలు, మధ్యాహ్నం చెట్లకింద వనభోజనాలు. ఊరి గోల తప్పించుకోవాలని బయల్దేరినవాళ్లు చేరేది పట్నానికి!

ఈ ప్రాంతపు పెద్దవాళ్ల నోట 'పట్నం' అంటే ఒకప్పుడు మద్రాసే. చెన్నపట్నంలో చెన్న ఎగిరిపోయి పట్నం మిగిలింది. తెలంగాణ పల్లెల్లో అదే మాటకు హైదరాబాదు అని అర్థం. ఎవరి పెద్ద ఊరు వాళ్లకు పట్నం. 1937 వేసవిలో కొత్తపట్నంలో పెట్టిన రాజకీయ పాఠశాలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ పట్నానికి ఈ పట్నం మీద అప్పటికి అంత పెత్తనం ఉండేది.

కానీ ఒడ్డు వెంట పేర్లు చదువుతూ పోండి: కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం. అన్నీ ఉప్పుగాలి ఊళ్లే. ఓడ ఆగే చోటు, సరుకు దిగే చోటు పట్నం. అర్థశాస్త్రంలో పత్తనాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. రేవుల కట్టుబాట్లు అతను రాసిపెడితే ఓడల అధికారి అమలు చెయ్యాలి. తమిళులు ఈ తేడాను ఇప్పటికీ పోనివ్వలేదు. సముద్రపుటొడ్డున ఉన్నది పట్టినం, ఏ ఊరైనా పట్టణం. మనం రెంటినీ నలిపి పట్నం చేశాం. కొత్తపట్నానికి జోడీగా పాతపట్నం ఉందిగా అని శ్రీకాకుళం జిల్లాకు పరుగెత్తకండి. అది ఒడిశా సరిహద్దులో, మహేంద్రతనయ నది ఒడ్డున ఉంది. అలల చప్పుడు దాని చెవిన పడదు.

రేవుకు పట్నమనే పేరే ఉండాలని రూలేమీ లేదు. కొత్తపట్నానికి ఉత్తరాన ఉన్న మోటుపల్లి పేరుకు పల్లే, కాకతీయుల కాలానికి మాత్రం పెద్ద రేవు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, తాను సుంకం తప్ప మరేమీ ముట్టనని గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఆ శాసనంలో ఊరికి దేశియుయ్యకొండ పట్టణమని మరో పేరుంది. జనం నోట అది నిలవలేదు. నిజాంపట్నం కథ అటుదిటు. 1611లో ఇంగ్లీషు వర్తకులు దిగేనాటికి అది పెదపల్లి, వాళ్ల రాతల్లో పెటపోలి. పల్లి పోయి పట్నం వచ్చింది.

కొత్తపట్నంలో ఇసుక తగిలే చోటు పేరు పల్లెపాలెం. పట్నానికి అంచున పల్లె. ఇక్కడ పల్లె అంటే పొలాల ఊరు కాదు, వేటకెళ్లే పల్లెకారుల వాడ. సరుగుడు తోట దాటి తీరాన ఉత్తరంగా నడిస్తే రావణాసురుడి మీసాలు కాళ్లకు గుచ్చుకుంటాయి. ముళ్ల బంతుల్లాంటి ఆ ఎండుకాయలు గాలి వీచినప్పుడల్లా ఇసుక మీద దొర్లుకుంటూ పరుగెడతాయి. అలివి వల వేసిన రోజైతే మరీ బాగుంటుంది. వలకు రెండు కొసలా రెండు వరసల మనుషులు, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గంటలకొద్దీ లాగుతారు. చూస్తున్న ఒంగోలు కుర్రాళ్లు కూడా ఓ చెయ్యి వేస్తారు. చేతులు బొబ్బలెక్కగానే ఫోన్లు తీస్తారు.

ఈ తీరంలో, నెల్లూరు వైపు మరీ ఎక్కువగా, పట్టపుపాలేలున్నాయి. అక్కడి మత్స్యకారులు పట్టపువారు, తమిళ తీరంలోని పట్టినవర్‌కు బంధువులు. పట్టినంవాడు పట్టినవర్, అంటే రేవువాడు. మనం పాలెంవాళ్లనీ పల్లెకారులనీ పిలిచేవాళ్లలో ఒకరి కులం పేరులోనే పట్నం ఉంది. కాంక్రీటు మధ్య బతికే మనం పట్నవాసులమని చెప్పుకుంటాం. మాట పుట్టుక ప్రకారం చూస్తే ఆ పేరు వాళ్లకే చెల్లుతుంది. ఆదివారం పూట మనం వాళ్లింటికి వచ్చిపోయే చుట్టాలం.