వారసుల కొక పట్టిక

పల్నాటిసీమలోని రొంపిచెర్ల గ్రామమున, మా మాతామహుల యింట, ఒక పెద్ద భోషాణ ముండెడిది. అందు తాటాకు గ్రంథములు, రెండు గంటములు, పాత దస్తావేజుల కట్ట, గోనెసంచి నిండుగా రాగినాణెములు ఉండెడివి. తాతగారు గ్రామకరణము. ఆ వస్తువులను వారు జీవితకాలమంతయు శ్రమించి కూర్చిరి. ఏ గ్రంథము ఎవరి యింటినుండి వచ్చినదో, ఏ నాణెమును ఏ తిరునాళ్ళలో కొనిరో వారికి కంఠస్థమే. అడిగినవారికి అరుగుమీద కూర్చుండి విసుగులేకుండ చెప్పెడివారు. కాని ఒక్క ముక్కయైనను వ్రాసిపెట్టలేదు. గ్రామములోని ప్రతి మడిచెక్కకును లెక్క వ్రాసిన చేయి తన భోషాణమునకు లెక్క వ్రాయలేదు.

వారు గతించిన తరువాత మా మేనమామలు ముగ్గురును సామానులు పంచుకొనిరి. నాణెములు లెక్క ప్రకారము మూడు కుప్పలైనవి. ఒక గ్రంథమునకు త్రాడు తెగియుండుటచే కొన్ని ఆకులు ఒకరి వాటాలోనికిని, కొన్ని మరియొకరి వాటాలోనికిని పోయినవి. భోషాణపు మూల నొక చిన్న గుడ్డమూట విడిగా కట్టియుండెను. “దీనిని వేరుగా ఉంచుమనెడివారు నాయనా, ఎందుకో నాకు తెలియదు” అని అమ్మమ్మ చెప్పినది. మరి నాలుగేండ్లకు ఆ మూటలోని నాణెములను పాతసామాను వర్తకు డొకడు రాగి తూకమునకు కొనిపోయెను. అప్పటికి మేము చిన్నవారము, చూచుచు నిలిచితిమి. అందు ఎవరి దురుద్దేశమును లేదు. తెలిసినవారు లేరు, తెలుపు కాగితమును లేదు.

వస్తువుతోపాటు దాని వృత్తాంతమును గూడ తరువాతి తరమున కప్పగింపవలె నను ఎరుక మన సీమకు క్రొత్తది కాదు. కారెంపూడిలో నాగులేటి యొడ్డున ప్రతి కార్తికమాసమునను వీరుల తిరునాళ్ళు ఐదు దినములు జరుగును. ఆచారవంతుల కుటుంబములవారు తమ తాతముత్తాతలనాటినుండి కాపాడుకొనుచున్న కొణతములను తమ తమ గ్రామములనుండి అచటికి తెచ్చి ఏటిలో స్నానము చేయింతురు. వీరవిద్యవంతులు పలనాటి వీరుల కథను గానము చేయుదురు. ఆయుధ మొకచోటను, కథ యొకచోటను పడిపోకుండ ఏటేట రెండును కలిసికొనుటకే ఈ యేర్పాటా యనిపించును. ఆ కథను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించిరి. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ 1974లో ఆలిసెట్టి గాలెయ్యగారి నోట పాడించి ధ్వనిముద్రణ చేసికొని, ఆ పాఠము ఆధారముగా 1982లో గ్రంథము ప్రకటించెను. పాట నోటనున్నంత కాలమే నిలుచును గనుక వ్రాతయు కావలసివచ్చినది.

వ్రాతకు మన పల్లెలలో కవిలె యుండెడిది. గ్రామపు ఎల్లలు, మాన్యములు, ఎవరు ఎవరికి ఏ భూమి నిచ్చిరో ఆ వివరములు తాటాకులపై వ్రాసి, కరణము తన కుమారునకు కవిలెకట్టను అప్పగించెడివాడు. ఆకులు జీర్ణించినప్పుడు క్రొత్త ఆకులకు ఎక్కించెడివారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణముల పదవులను రద్దుచేసినది. దానితో గ్రామపు లెక్క యింటి వారసత్వముగా నుండు కాలము ముగిసినది. ఇంటిలో మిగిలిన స్వంత వస్తువులకు మాత్రము ఆనాడును కవిలె లేదు, ఈనాడును లేదు.

ఈ కవిలెలను వెదకించి గ్రామచరిత్రలు వ్రాయించిన కర్నల్ కాలిన్ మెకంజీ సేకరణకు ఏమి జరిగినదో మనము తెలిసికొనదగినది. స్కాట్లండు దేశీయుడైన ఆయన 1783లో ఈ దేశమునకు వచ్చెను. దేశభాషలు ఆయనకు రావు. కావలి వెంకట బొర్రయ్యగారు ఆయనకు దారిచూపిరి. 1803లో బొర్రయ్యగారు చిన్నవయసుననే మరణింపగా, సోదరుడు లక్ష్మయ్యగారు ఆ పనికి పూనుకొనిరి. వారును, తోటి పండితులును ఊరూర తిరిగి కైఫియత్తులు, శాసనముల నకళ్ళు, నాణెములు, వ్రాతప్రతులు వేలకొలదిగా సమకూర్చిరి. 1817లో మెకంజీ తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్స్‌టనుకు వ్రాసిన లేఖలో ఈ సేకరణ పుట్టిన విధమును వివరించి, బొర్రయ్యగారి మేలును మరువక చెప్పెను. సంపూర్ణమైన పట్టిక వెలువడకమునుపే 1821 మే 8వ తేదీన ఆయన కన్నుమూసెను.

ఆయన భార్యయొద్దనుండి ప్రభుత్వము లక్షరూపాయల కా సేకరణను కొన్నది. పట్టిక వ్రాయు పని సంస్కృత విద్వాంసుడు విల్సనుకు వచ్చినది. ఆయనకు దక్షిణభాషలు రావు గనుక సహాయకులు వ్రాసియిచ్చిన సారాంశములే ఆధారములైనవి. 1828లో రెండు సంపుటములుగా ఆ పట్టిక అచ్చైనది. వస్తువులు మాత్రము కొన్ని లండనుకు, కొన్ని మద్రాసుకు చేరి విడిపోయినవి. ప్రతి వ్రాతప్రతియు ఏ యూరినుండి ఎట్లు వచ్చినదో ఎరిగిన లక్ష్మయ్యగారు జీవించియే యుండిరి. పని కొనసాగింప ననుమతింపుడని 1830 తరువాతను వారు అర్థించిరి. ఆ పనికి వారు చాలరని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ 1836లో తేల్చివైచినది. తెలిసినవాని తెలివి ఆ విధముగా పట్టికకు వెలుపలనే మిగిలిపోయినది.

సి. పి. బ్రౌను చేసిన పని వేరు. కడపలో పండితులకు జీతము లిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, సరిపోల్పించి, కాగితములపై శుద్ధప్రతులు వ్రాయించి సంపుటములు కట్టించెను. శిథిలమగుచున్న మెకంజీ స్థానిక చరిత్రలకును నకళ్ళు వ్రాయించెను. రెండువేలకు మించిన తన వ్రాతప్రతులను తాను బ్రతికియుండగనే మద్రాసులోని విద్వత్సంస్థ కప్పగించెను. ఆయన 1884లో లండనులో మరణించునాటికి వానిని గూర్చి ఏ వారసుడును కలతపడవలసిన అవసరము లేకపోయినది.

ఇంత పెద్ద సేకరణలు మన యిండ్లలో ఉండవు. అయినను పని యొక్కటియే. గట్టి అట్టగల పుస్తక మొకటి తీసికొని ప్రతి వస్తువునకు వరుససంఖ్య వేయవలెను. ఆ సంఖ్యను చీటిపై వ్రాసి వస్తువునకు కట్టవలెనే గాని, వస్తువుపై సిరాతో వ్రాయరాదు. అది యేమి, ఎవరు ఇచ్చిరి, ఏ యూర, ఏ సంవత్సరమున, ఎంత వెలకు, ఇప్పుడు ఏ పెట్టెలో నున్నది అను అంశములు చాలును. స్వయముగా చూచినదానిని, పెద్దలవలన విన్నదానిని వేరువేరుగా వ్రాయవలెను. తాటాకులకు త్రాడు తెగకమునుపే వరుససంఖ్యలు నమోదు చేసికొనవలెను. పాతనాణెములను చింతపండుతో తోమరాదు, తళతళతోపాటు అక్షరములును పోవును. చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రము మంచి తోడు, కాని అది వ్రాతకు బదులు కాదు.

పట్టిక వీలునామా కాదని గూడ గుర్తింపవలెను. ఎవరి కేది చెందవలెనో నిర్ణయించుటకు ఇద్దరు సాక్షుల సంతకములతో వీలునామా వేరుగా వ్రాయవలెను. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము రిజిస్టరు కావలసిన వస్తు వున్నచో ఆ పత్రమును పట్టికలోనే ఉంచవలెను. అట్టి వస్తువు చేతులు మారినప్పుడు అధికారికి తెలుపవలసియుండును. పట్టికకు నకలు వ్రాసి మరియొకరి యింట ఉంచుట మేలు. పిల్లలకు ఆసక్తి లేనిచో ఏ గ్రంథాలయమున కీయవలెనో ఆ పేరును వ్రాయవలెను.

ఇటీవల మేము రొంపిచెర్లకు పోయి, ఇరువురి యిండ్లలో నున్న ఆకులను ఒకచోట చేర్చి వరుసపెట్టితిమి. గ్రంథము చాలవరకు కూడినది. అటుపై అమ్మమ్మ చెప్పిన మాటలను తలచుకొని తాతగారి భోషాణమునకు పట్టిక వ్రాసితిమి. గుడ్డమూటకును ఒక సంఖ్య వేసితిమి. దాని యెదుట “విడిగా ఉంచుమనిరి” అని మాత్రమే వ్రాయగలిగితిమి. ఆ మాట తరువాత రావలసిన వాక్యము తాతగారికి తెలియును. మీ యింట నట్టి వాక్యము తెలిసిన పెద్ద లుండినచో, వారియొద్ద నేడే కూర్చుండి వ్రాసికొనుడు.