వేలిముద్రకు ముందు ఒక గంట

నవంబరు 8 ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా వైద్యచరిత్రలో మరువకూడని తేదీ. శస్త్రచికిత్సకు ముందు రోగి నుంచి తీసుకునే సమ్మతి, అంటే విషయమంతా తెలిసిన మీదట మనస్ఫూర్తిగా ఇచ్చే అంగీకారం, కాగితంపై సంతకంగా మాత్రమే మిగిలిపోతే ఏమవుతుందో 2014లో ఆ రోజు తేటతెల్లమైంది.

ఈ ఆలోచనకు మూలాలు పాతవే. మూత్రాశయంలోని రాయిని కోసి తీయకుంటే మరణం తథ్యమని, తీస్తే ఫలితం సందిగ్ధమని చెప్పిన సుశ్రుత సంహిత, ప్రభువుకు విన్నవించిన తరువాతే వైద్యుడు అందుకు పూనుకోవాలని విధించింది. రోగి మాట అక్కడ వినిపించదు. తన దేహానికి ఏమి చేయాలో నిర్ణయించే హక్కు వయసు వచ్చిన, మతిస్థిమితం గల ప్రతి మనిషికీ ఉందని న్యూయార్క్ న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో 1914లో ప్రకటించారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం అవయవాల తొలగింపుకు చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో తేల్చింది.

2014 నవంబరు 8న బిలాస్‌పూర్ సమీపంలోని పెండారీలో, వాడుకలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు ట్యూబెక్టమీ, అంటే పల్లెల్లో పిల్లల ఆపరేషన్ అని పిలుచుకునే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, చేశాడు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదన్న నియమం అప్పటికే ఉంది. ఆ రోజుల్లో జిల్లాలోని ఇలాంటి శస్త్రచికిత్స శిబిరాలకు వెళ్లిన వారిలో 13 మంది మరణించారు. మందుల నాణ్యత గురించి, పరికరాల శుభ్రత గురించి ఎంతో చర్చ జరిగింది, జరగవలసిందే. అయితే లక్ష్యాల ఒత్తిడి నడుమ అంత వేగంగా సాగిన వరుసలో ఒక్కొక్క స్త్రీకీ ప్రమాదాలను, ఇతర గర్భనిరోధక మార్గాలను, వద్దనుకుంటే లేచి వెళ్లిపోయే స్వేచ్ఛను వివరించే సమయం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న అంతకన్నా లోతైనది.

ఇలాంటి శిబిరాలపై దేవికా బిస్వాస్ వేసిన కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ ప్రశ్నను పట్టించుకుంది. మూడేళ్లలో శిబిరాలను నిలిపివేయాలని, శస్త్రచికిత్సకు ముందు చూసుకోవలసిన పరిశీలన పత్రంలోని విషయాలను రోగికి అర్థమయ్యేలా వివరించి, వైద్యునితో పాటు శిక్షణ పొందిన కౌన్సిలర్ కూడా ధ్రువీకరించాలని, మనసు మార్చుకునేందుకు వీలుగా సుమారు గంట వ్యవధి ఇవ్వాలని ఆదేశించింది. ఇంత మానవీయమైన ఆదేశం ముందుగా నిర్ణయించుకుని చేసే అన్ని రకాల శస్త్రచికిత్సలకూ వర్తించదగినది.

ఆచరణ మాత్రం తిన్నగా ముందుకు సాగలేదు. 2021 ఆగస్టులో అదే రాష్ట్రంలోని సర్గుజా జిల్లా మైన్‌పాట్ ప్రాంతంలో ఒకే వైద్యుడు ఒక్క రోజులో 101 శస్త్రచికిత్సలు చేశాడని తరువాత వార్త వెలువడింది. రోగికి అర్థమయ్యేలా చెప్పడంలో భాష కూడా ముఖ్యమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి పెరిగిన బిలాస్‌పూర్ పట్టణంలో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా, బెంగాలీతో పాటు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కార్మిక కుటుంబాల తెలుగు కూడా వినిపిస్తుంది. కాబట్టి ఇక్కడి వార్డు నర్సు రోగి భాషలో చెప్పి, విన్నదాన్ని రోగి చేతనే తిరిగి చెప్పించాలి; సందేహం మిగిలితే మత్తు ఇవ్వకముందే శస్త్రవైద్యుణ్ని మంచం వద్దకు పిలిపించే అధికారం ఆమెకు ఉండాలి.