మస్కీ నేల – తుంగభద్ర నీరు

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మన పెద్దలు ముందుగా అడిగేది ఈ యేటి మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాలనుండి తరలివచ్చి ఈ రాయచూరు సీమలో స్థిరపడిన మన కుటుంబాలవారికి మరొక ప్రశ్న కూడా ఉన్నది. మలెనాడులో వాన పడినదా? డ్యాము నిండినదా? కాలువకు నీరు ఎప్పుడు వదలుతారు? మన సస్యాధిపతి ఎవరైనా, మన అన్నానికి అధిపతి తుంగభద్ర. కాబట్టి ఈ పండుగ సంచికలో ఆ నీటిని గురించి, దానిని త్రాగుతున్న ఈ నేలను గురించి నాలుగు మాటలు వ్రాయుట తగునని తలచినాను.

నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్ పరీక్ష ప్యాసై రైల్వేలో గుమాస్తాగిరీ చేస్తున్నవాడను. అయితే గుమాస్తాకు ఒక అలవాటు ఉంటుంది. వచ్చినదెంత, పోయినదెంత, సాయంత్రానికి నిలువ ఎంత అని చూస్తాడు. సేద్యాన్ని కూడా అట్లా చూడవచ్చును. ఒక యేడు పండించిన తరువాత నేల బలము, నీటి నిలువ, పొరుగువాని సామరస్యము తరగకుండా ఉంటే అది నిలకడైన సేద్యము. ఆ మూడింటిలో ఏది తరిగినా, గాదె నిండియున్నప్పటికీ లెక్కలో లోటు ఉన్నట్లే.

మస్కీ ఊరు చిన్నదే గాని దాని పేరు చరిత్ర చదివినవారందరికీ తెలుసు. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు ఇక్కడి కొండరాతిమీద బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనాన్ని కనుగొన్నాడు. అంతవరకు దొరికిన శాసనాలలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులు ఉండేవి. రాజు పేరు ఉండేది కాదు. మస్కీ రాతిమీద అశోకుని పేరే చెక్కియున్నది. ఆ బిరుదులు ఎవరివో దానితో తేలిపోయినది. ఆ చక్రవర్తి ఇతర ప్రదేశాలలో వేయించిన శాసనాలలో బాటల వెంట చెట్లు నాటించిన సంగతి, నూతులు త్రవ్వించిన సంగతి, మనుష్యులకూ పశువులకూ మందుమొక్కలు తెప్పించి పెంచిన సంగతి చెప్పుకొన్నాడు. అనగా చెట్టును, నీటిని కాపాడుట ప్రభుత్వపు పని అనే భావము మన దేశానికి క్రొత్తది కాదు.

అశోకునికి వెయ్యేండ్లకు పైగా పూర్వమే ఈ సీమలో సేద్యము, పశువుల పెంపకము ఉన్నవి. 1954లో భారత పురావస్తు శాఖ తరఫున బి. కె. థాపర్‌గారు మస్కీలో త్రవ్వించి, నవీన శిలాయుగమునుండి మనుష్యులు ఇక్కడ నివసించిన ఆనవాళ్లను చూపినారు. ఈ ప్రాంతములో అక్కడక్కడ కనబడే బూడిద దిబ్బలు ఆనాటి పశువుల దొడ్లలో పేడ కాలగా ఏర్పడినవని, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దగ్గర 1957లో జరిగిన త్రవ్వకాలవలన స్పష్టపడినది. ఆనాటివారు ఏమి తిన్నారు? దక్షిణాపథములోని ఆ కాలపు గ్రామాలలో దొరికిన మాడిన గింజలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ప్రధానముగా అండుకొర్రలవంటి చిరుధాన్యాలను, ఉలవలను, పెసలను గుర్తించినారు. జొన్న ఆఫ్రికానుండి తరువాత వచ్చినది. ఈ నేల తన వానకు తగిన పంటను నాలుగువేల యేండ్ల క్రిందటనే ఎన్నుకొన్నదన్నమాట.

రాయచూరు జిల్లాలో సాలీనా వర్షపాతము సుమారు 600 మిల్లీమీటర్లు. అదీ ఒక యేడు వచ్చినట్లు ఒక యేడు రాదు. నల్లరేగడి మాత్రము పడిన వానను కడుపులో దాచుకొంటుంది. అందుచేత ఇక్కడి రైతులు వానకాలములో గుంటకతో నేలను మెత్తబరచి, వానలు వెనుకపట్టిన తరువాత గొర్రుతో తెల్లజొన్న, శనగ, కుసుమ విత్తేవారు. పైన వాన లేకపోయినా లోపలి పదునుతో, మంచుతో పంట చేతికి వచ్చేది. ప్రధాన పంట సాళ్ల నడుమ కందియో, మరొక పప్పుధాన్యమో వేసేవారు. ఒకటి పోయినా ఒకటి దక్కేది. పప్పుజాతి మొక్క నేలకు సత్తువ ఇచ్చేది. చొప్ప పశువులకు, పశువుల పెంట పొలానికి.

అయితే పాతకాలమంతా రామరాజ్యమని చెప్పరాదు. వరుసగా వానలు తప్పితే ఈ సీమలో ఆకలి చావులే. 1876–78 నాటి మహాక్షామము మదరాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలను ఏ విధముగా పీడించినదో మన పెద్దలు కథలుగా చెప్పేవారు. తుంగభద్ర ఆనకట్ట ఆలోచన ఇటువంటి కరవు బాధలోనుండి పెరిగినదే.

తుంగభద్ర నీటిని మెట్టసీమకు మళ్లించవలెనని 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ సూచించినాడు. మదరాసు, హైదరాబాదు ప్రభుత్వాల మధ్య బేరసారాలు ముగిసి శంకుస్థాపన జరిగేసరికి 1945 ఫిబ్రవరి వచ్చినది. 1953లో నీరు వదలినారు. ఎడమకాలువ 227 కిలోమీటర్ల పొడవున కొప్పళ, రాయచూరు జిల్లాలగుండా పారి సుమారు 6 లక్షల ఎకరాలకు నీరు అందించవలెనని ఏర్పాటు.

ఇక్కడ ఒక సంగతిని జాగ్రత్తగా గమనించవలెను. ఈ కాలువను కృష్ణా డెల్టా కాలువవలె వరి పండించుటకు త్రవ్వలేదు. కరవునుండి ఎక్కువమందిని కాపాడుటకు, కొంచెము కొంచెము నీటిని ఎక్కువ భూమికి పంచుటకు త్రవ్వినారు. ఏ సర్వే నంబరుకు ఏ కాలములో నీరు, అది ఆరుతడి పంటకా, వరికా అని ప్రభుత్వమువారు ముందుగానే నిర్ణయించినారు. దానికే లోకలైజేషన్ అని పేరు. అందులో జొన్న, ప్రత్తివంటి ఆరుతడి పంటలదే పెద్ద భాగము. వరికి కొద్ది భాగమే.

ఆ తరువాత మనవారు వచ్చినారు. డెల్టాలో అరెకరము అమ్మిన డబ్బుతో ఇక్కడ ఎన్నో ఎకరాలు కొనవచ్చునని విని, పెట్టె బేడా సర్దుకొని, పిల్లాజెల్లాతో సింధనూరు, గంగావతి, మాన్వి తాలూకాలకు చేరినారు. గుడిసెలు వేసుకొని క్యాంపులు కట్టుకొన్నారు. తుమ్మచెట్లు కొట్టి, నేల చదునుచేసి, గట్లు వేసి, మడులు కట్టినారు. పాములకు, జ్వరాలకు వెరవలేదు. ఆడవారు నెత్తిన తట్టలతో మట్టి మోసినారు. ఆ కష్టమును ఎవరూ కాదనలేరు. ఈనాడు ఈ ప్రాంతపు సోనామసూరి బియ్యానికి దేశమంతటా పేరున్నది. బాపట్ల పరిశోధనా కేంద్రములో పుట్టి 1986లో విడుదలయిన సాంబమసూరికీ (బి.పి.టి. 5204) ఇక్కడ మంచి ఆదరణ దొరికినది. 2024లో రైలు సింధనూరుకు కూడా వచ్చినది. వరి పండినందువలననే ఈ ఊళ్లు పట్టణాలయినవి.

మనవారు వరి ఎందుకు వేసినారు? తెలిసిన పంట, ధర గలది, మిల్లువాడు అప్పు ఇచ్చేది, సర్కారు కొనేది. జొన్నకు ఆ భాగ్యము లేదు. కాగితముమీద జొన్న వేయమని చెప్పి, బజారులో వరికి విలువ కట్టినప్పుడు రైతు బజారు మాటనే వింటాడు. ఈ లోపము రైతుది కాదు, విధానానిది. స్థానిక రైతులు కూడా మనలను చూచి వరికి దిగినారు.

కాని ఫలితమును లెక్కలో వ్రాసుకోక తప్పదు. ఆరుతడి జొన్నకు పట్టే నీటికి వరికి రెండు మూడింతలు పడుతుంది. కాలువ మొదట్లో ఒక ఎకరము నాటితే, చివరలో రెండు ఎకరాలు ఎండవలసినదే. ఎడమకాలువ చివర ఉన్న మాన్వి, రాయచూరు తాలూకాల గ్రామాలు యేటేటా నీటికై ధర్నాలు చేయుట మనము చూస్తున్నాము.

మస్కీ తాలూకాలోనే కొన్ని గ్రామాలకు తుంగభద్ర నీరు వస్తుంది. కొన్నిటికి ఏ కాలువా లేదు. అటువంటి గ్రామాల రైతులు నారాయణపుర కుడికాలువనుండి 5ఏ కాలువ త్రవ్వించవలెనని 2020 నవంబరులో పామనకల్లూరులో ధర్నాకు కూర్చున్నారు. ఒక పొలములో నడుమ లోతు నీరు, కొద్ది మైళ్ల దూరములో ఎండిన చేను! వారు మనకు పరాయివారు కారు. సంతలో మన ప్రక్కన కూర్చునేవారే.

రెండవ లోటు నేలలో ఉన్నది. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు, త్వరగా పోదు. యేడాదికి రెండు వరిపంటలు వేసి, మురుగు పోయే దారి లేకుండా చేస్తే భూగర్భజలము పైకి వస్తుంది. దానితోపాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు పైన తెల్లగా పేరుకొంటుంది. దానినే మనము చౌడు అంటాము. పల్లపు పొలాలలో ఇట్లా చెడిపోయిన భూమి ఈ ఆయకట్టులో చాలా ఉన్నది. గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రము ఇటువంటి నేలలను బాగుచేసే పనిమీదనే ఎన్నో యేండ్లుగా కృషి చేస్తున్నది. భూమిలో చిల్లుల గొట్టాలు పాతి మురుగు తీయుట అందులో ముఖ్యమైనది. మందుకన్న పథ్యము మేలు. మురుగు కాలువను పూడ్చి మడిలో కలుపుకొనకుండా ఉండుటే ఆ పథ్యము.

మూడవ లోటు డ్యాములో ఉన్నది. మొదట 133 టి.ఎం.సి.ల నీరు పట్టిన జలాశయములో (ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు) ఒండ్రు పేరుకొని, 2016 కొలతనాటికి సుమారు 106 టి.ఎం.సి.లు పట్టే చోటు మాత్రమే మిగిలినది. పోయినది 27 టి.ఎం.సి.లు. పూర్వము రాయచూరు జిల్లాలో ఉండి 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, ఇప్పుడు తెలంగాణలో ఉన్న ఆలంపురం, గద్వాల సీమకు నీరిచ్చే రాజోలిబండ పథకములో ఆ సీమ వాటాగా బచావత్ ట్రిబ్యునల్ కేటాయించినది 15.9 టి.ఎం.సి.లు. ఒండ్రు మ్రింగినది అంతకన్న ఎక్కువ! 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి డ్యాము 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యములో వారము రోజులలో అడ్డుపలకలు దింపి నీటిని ఆపినారు గాని, ఆ వారములో ఈ సీమలో నిద్రపోయిన రైతు ఉండడు. డెబ్బది యేండ్ల గొలుసుమీద మన బ్రతుకు వ్రేలాడుతున్నదని అందరికీ తెలిసివచ్చినది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనరాదు. 1974–75లో కేంద్ర ప్రభుత్వము ఆయకట్టు అభివృద్ధి పథకమును ఆరంభించి పంటబోదెలు, మురుగు కాలువలు, నేల చదును పనులు చేపట్టినది. 1997లో ఆంధ్రప్రదేశ్ నీటిసంఘాల చట్టము చేసినది. కర్ణాటకలో నీటి వినియోగదారుల సహకార సంఘాలు ఏర్పడినవి. 2023ను చిరుధాన్యాల సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి జరిపినది. అయితే ఉత్సవముతో జొన్న అమ్ముడుపోదు, కొనేవాడు ఉండవలెను. వరిని కొన్నట్లే జొన్నను, కందిని, శనగను సకాలములో, నమ్మకముగా కొన్ననాడు రైతు తనంతట తానే వాటివైపు తిరుగుతాడు. నీటిసంఘము కూడా బోర్డుమీద కాక, వంతుల పుస్తకములో ఉండవలెను.

ఆ దినము వచ్చేవరకు మనము చేయగలిగినవి కొన్ని ఉన్నవి. నారు పోసి నాటుటకు బదులు, మన పెద్దల గొర్రు పద్ధతినే అనుసరించి పొడి నేలలో వరి విత్తుట రాయచూరు జిల్లాలో చాలామంది చేస్తున్నారు. దమ్ము చేయు నీరు, నాట్ల కూలి కలిసివస్తుంది. కలుపు ఒక్కటే జాగ్రత్తగా చూచుకోవలెను. మొదటి పంట వరి వేసినవారు రెండవ పంటకు శనగయో, పెసరయో, జొన్నయో వేస్తే నీరు క్రిందికి పోతుంది, నేలకు విశ్రాంతి దొరుకుతుంది. చౌడు తగిలిన మడిలో జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నితే నేల కొంత తేరుకొంటుంది. ఇవి ఎవరి అనుమతీ అక్కరలేని పనులు.

ఇంకొకటి సంఘముగా చేయవలసినది. కాలువ వదలుటకు ముందు పై ఊరివారూ, క్రింది ఊరివారూ, కన్నడిగులూ, తెలుగువారూ ఒకచోట కూర్చుండి వంతులు వ్రాసుకొనవలెను. రాత్రివేళ తూము ఎత్తేవాడు మనవాడే అయినా మనమే వారించవలెను. ఉగాది కన్నడిగులకూ పండుగే, మనకూ పండుగే. మన పెద్దలు ఈ సీమకు వచ్చినది భూమికోసము. వారు నాటిన వేరు ఇక్కడ నిలువవలెనంటే ఆ భూమి చౌడు కాకుండా ఉండవలెను, ఆ పొరుగువాడు శత్రువు కాకుండా ఉండవలెను. రాబోయే ఖరీఫులో మస్కీ ప్రక్క చివరి పొలానికి ఒక తడి నీరు అదనముగా చేరినా, మన సంఘము చేసిన సేవలలో దానిని మొదట వ్రాసుకొనవచ్చును.